కృష్ణ రాయబారం

కారంపూడి వీరుల తిరునాళ్ళు చూసినవారికి ఈ సంగతి తెలుసు. కార్తీక అమావాస్యనాడు మొదలై ఐదు రోజులు సాగే ఆ ఉత్సవంలో రెండోనాటి పేరు రాయబారం. ముందురోజు రాచగావు, తరువాత మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. అంటే పల్నాటి జ్ఞాపకంలో రాయబారమనేది జరిగి తీరవలసిన ఒక తంతు. అది ఫలిస్తుందా లేదా అని ఎదురుచూసేవాడు ఆ జనంలో ఒక్కడూ ఉండడు. ఫలిస్తే మిగతా మూడురోజుల తిరునాళ్ళకు పనే ఉండదు.

2023లో ఈ తిరునాళ్ళు డిసెంబరు రెండోవారంలో వచ్చాయి. అంతకు రెండు వారాల ముందు, నవంబరు 29 అర్ధరాత్రి దాటాక, నాగార్జునసాగర్ ఆనకట్టమీద రెండు తెలుగు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డారు. 26 గేట్లలో 13వ గేటు దగ్గర కంచె పడింది. కుడికాలువకు నీళ్ళు వదిలారు. తెల్లవారితే తెలంగాణలో శాసనసభ ఎన్నికల పోలింగు. కేంద్ర హోంశాఖ కలగజేసుకుని, నవంబరు 28 నాటి స్థితికి తిరిగి వెళ్ళేందుకు ఇరుపక్షాలనూ ఒప్పించి, ఆనకట్ట కాపలాను కేంద్ర రిజర్వు పోలీసు దళానికి అప్పగించింది.

ఆ రోజుల్లో కవిసమ్మేళనాల్లో చదివినవీ, కరపత్రాల్లో అచ్చయినవీ, సెల్‌ఫోన్లలో తిరిగినవీ కొన్ని పద్యాలు, వచన కవితలు, పాటలు నేను పోగుచేసి పెట్టుకున్నాను. రెండు గట్లవీ ఉన్నాయి. పేర్లు చెప్పను. చెప్పవలసినంత తేడా వాటి మధ్య లేదు. ఊళ్ళ పేర్లు మార్చితే ఇటు పాట అటు సరిపోతుంది. రెండింటిలోనూ కృష్ణ తల్లే, రెండింటిలోనూ ఆ తల్లి రొమ్ము ఎవడో కోసుకుపోతున్నాడు, రెండింటిలోనూ ఆ ఎవడో పక్కగట్టువాడే. ఇందులో కొన్ని రాసినవారు మనవాళ్ళు, అభ్యుదయ కవులమని చెప్పుకునేవాళ్ళు. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను. ఆవేశం తప్పని నేననను. ఆ ఆవేశానికి రూపం ఎక్కడినుంచి వచ్చిందన్నది నా ప్రశ్న.

నాకు తోచినంతలో అది రాయబారఘట్టం నుంచి వచ్చింది.

పల్నాటి వీరచరిత్రలో అలరాజు రాయబారం గుర్తు చేసుకోండి. కోడిపోరులో ఓడి ఏడేళ్ళు వలసపోయిన మలిదేవుడి పక్షం తరపున, గడువు తీరాక రాజ్యభాగం అడగడానికి అలరాజు గురజాల కొలువుకు వెళతాడు. ఆ కొలువు పరాయిదేమీ కాదు. నలగాముడు అతనికి స్వయానా మామ, పేరిందేవి తండ్రి. ఇంత దగ్గరి చుట్టరికం ఉన్న రాయబారి మన సాహిత్యంలో మరొకడు లేడేమో. మామా అల్లుళ్ళు ఒక పూట కూర్చుని మాట్లాడుకుంటే తెగే వ్యవహారం. కాని అది అలా తెగదు. కొలువులో మాటకు మాట పెరుగుతుంది, నాగమ్మ పట్టు నెగ్గుతుంది, తిరుగుదారిలో చర్లగుడిపాడు దగ్గర అలరాజు విషానికి బలవుతాడు. వీరవిద్యావంతులు ఈ ఘట్టం పాడుతుంటే విన్నాను. వినేవాళ్ళు ఏడ్చేది రాజీ చెడిందని కాదు, పేరిందేవి వైధవ్యానికి. రాజీ అనేది కథలో ఒక అవకాశంగా కూడా ఎవరి మనసులోనూ నిలవదు.

ఇక తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయాల సంగతి చెప్పనక్కరలేదు. పల్నాడులో ఏ ఊళ్ళోనైనా నాటకం వేస్తున్నారంటే, ఏం నాటకమని అడిగితే, 'రాయబారం' అని ఒక్కమాటలో చెబుతారు. ఒకే రాత్రి ముగ్గురు కృష్ణులు రంగం మీదికి రావడం నేను చిన్నప్పుడు చూశాను. ఒక కృష్ణుడు అలసిపోతే ఇంకొకడు. జనం వచ్చింది సంధి కోసం కాదు గదా, పద్యం కోసం. పద్యం బాగుంటే వన్స్‌మోర్. ధృతరాష్ట్రుడి కొలువులో యుద్ధమా శాంతా అన్నది తేలవలసిన సమయంలో హార్మోనియం మళ్ళీ ఎత్తుకుని అదే బెదిరింపు రెండోసారి పాడతారు. నాకూ ఆ పద్యాలు కంఠతా వచ్చు, నేనూ ఈలలు వేశాను. కాని సంధి మాట్లాడడానికి వెళ్ళినవాడు ఎదుటివాడిని ఓడించే మాట చెప్పి చప్పట్లు కొట్టించుకోవడమే రాయబారమన్న సంస్కారం మనలో ఆ రాత్రుల్లోనే స్థిరపడింది. శాసనసభల్లో మన నాయకులు జలాల గురించి మాట్లాడే తీరు చూస్తే, వాళ్ళూ ఆ నాటకాలు చూసినవాళ్ళేనని తెలుస్తూనే ఉంటుంది.

ఇది ఒక రూపం. మా ప్రాంతానికి చెందిన రెండో రూపం అర్జీ.

శ్రీనాథుడు పల్నాడు వచ్చి దాహంతో అలమటించి, ఇద్దరు పెళ్ళాలు నీకెందుకు, గంగను వదిలిపెట్టమని శివుణ్ణి ఎకసెక్కెమాడాడని చాటుకథ. హాస్యం సంగతి అలా ఉంచి దీని నిర్మాణం చూడండి. ఎగువన నీళ్ళు బిగబట్టినవాడు ఒకడున్నాడు. దిగువన గొంతు ఎండినవాడు వదలమంటున్నాడు. దిగువ రాష్ట్రం ఎగువకు పెట్టుకున్న తొలి అర్జీ ఇదేనని తరగతిలో నేను సరదాగా చెబుతుంటాను. ఐదు శతాబ్దాల తరువాత వినుకొండలో పుట్టిన జాషువ 1941లో గబ్బిలం రాశాడు. అదీ శివుడికే. గుడిలోకి రానివ్వని మనిషి, గుడిలో వేలాడే పిట్టతో, అర్చకుడు పక్కన లేని సమయం చూసుకుని తన గోడు ఆ దేవుడి చెవిలో వేయమంటాడు. కాళిదాసు మేఘసందేశంలో ప్రియురాలికి పోయిన కబురు ఇక్కడ న్యాయం కోసం దేవుడికి పోతుంది. తెలుగులో ఇంతకంటే గొప్ప దౌత్యకావ్యం నాకు కనపడదు. జాషువ కథానాయకుడు పైకి అర్జీ పెట్టుకోవడానికి కారణం ఉంది. పక్కవాడు అతని మాట వినడు, అతని నీడ కూడా సహించడు.

ఆ కారణం మన ప్రభుత్వాలకు లేదు. అయినా అవి పైకే చూశాయి. 1969లో ఏర్పడిన బచావత్ ట్రిబ్యునలు 1973లో నివేదిక ఇచ్చి 1976లో ఖరారు చేసింది. కృష్ణలో నమ్మదగిన నీరు 2060 టీఎంసీలని లెక్కగట్టి, మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800 ఇచ్చింది. 2004లో బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునలు వచ్చింది. 2014లో రాష్ట్రం విడిపోయాక కృష్ణా నదీ యాజమాన్య బోర్డు, దానిపైన అపెక్స్ కౌన్సిలు వచ్చాయి. 2015లో ఆంధ్రకు 512, తెలంగాణకు 299 టీఎంసీలని తాత్కాలికంగా ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఆ తాత్కాలికమే ఏళ్ళ తరబడి సాగింది. 2023 అక్టోబరులో కేంద్రం ఆ పంపకాన్ని కూడా బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునలుకే అప్పగించింది. శ్రీనాథుడికీ జాషువకూ కైలాసం ఎలాగో, రెండు తెలుగు రాష్ట్రాలకూ ఢిల్లీ అలా అయింది. పక్కగట్టువాడికి చెప్పవలసిన మాట కూడా ఢిల్లీ మీదుగానే వస్తుంది.

నాగార్జునసాగర్ పుట్టుకను తలచుకుంటే ఇది మరీ వింతగా కనిపిస్తుంది. నెహ్రూ 1955 డిసెంబరు 10న నందికొండ దగ్గర శంకుస్థాపన చేసేనాటికి ఆంధ్రప్రదేశ్ పుట్టలేదు. ఇటు ఆంధ్ర రాష్ట్రం, అటు హైదరాబాదు రాష్ట్రం. ఆనాడు వేరువేరుగా ఉన్న ఆ రెండు రాష్ట్రాల ఉమ్మడి పథకం అది. కుడికాలువకు 132 టీఎంసీలు, ఎడమకాలువకు 132 టీఎంసీలు అన్న లెక్కలో కూడా ఆ జోడు కనిపిస్తుంది. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ నీళ్ళు వదిలారు. అంటే మాచర్ల పక్కన నిలబడ్డ ఆ రాతిగోడ స్వయంగా ఒక ఒప్పందపత్రం. అందుకోసం ఇక్ష్వాకుల విజయపురి మొత్తం నీళ్ళలోకి పోయింది. సింహళం మొదలు కాశ్మీర గాంధారాల వరకు దేశదేశాలను పేర్కొన్న భిక్షువుల శాసనం దొరికిన చోటది. ఇంత సామగ్రి ఇంటి ముంగిట ఉంచుకుని, ఆ గోడమీద ముళ్ళకంచె పడిన రోజున మన కవి రాసింది తల్లి రొమ్ము గురించి.

మరి వేరే రూపం ఉన్నదా? ఉంది. అది మన కొండమీద పూజలందుకున్నవాడి కథే.

శాక్యులకూ కోలియులకూ నడుమ రోహిణి అనే చిన్న నది. దానికి ఒకే అడ్డుకట్ట, రెండు వైపులా పొలాలు. జ్యేష్ఠమాసంలో పైరు వాడిపోతుంటే, ఒక్క తడి మాకిస్తే చాలు మా పంట పండుతుంది అని ఒకరంటారు. మీ పంట పండాక మేము గంపలు పట్టుకుని మీ గడపల్లో నిలబడాలా అని రెండోవారంటారు. ఆ మాటలన్నది రెండు ఊళ్ళ కూలీలు. మాట పెరిగి పుట్టుకలు ఎత్తి తిట్టుకుంటారు. తిట్టు అధికారుల దగ్గరికి, అక్కడినుంచి రాజుల దగ్గరికి చేరుతుంది. సైన్యాలు వచ్చి నది రెండు గట్లా నిలబడతాయి. అప్పుడు బుద్ధుడు వచ్చి, తగవు దేనికయ్యా అని రాజులను అడుగుతాడు. మాకు తెలియదంటారు! సేనాపతిని అడగమంటారు. సేనాపతికీ తెలియదు. అలా ఒక్కొక్క మెట్టూ దిగి, ఆఖరున కూలీలను అడిగితే, నీళ్ళకోసం అంటారు. నీళ్ళ విలువెంత, మనుషుల విలువెంత అన్న ప్రశ్న ఆ తరువాతది. ధమ్మపద వ్యాఖ్యానంలోనూ జాతక కథల్లోనూ వచ్చే ఈ కథను చెప్పేవారు సాధారణంగా ఆ చివరి ప్రశ్న దగ్గర ఆగి కరుణ గురించి మాట్లాడతారు. నాకు దానికి ముందున్న మెట్లే విలువైనవి. కయ్యం పైకి ఎక్కినకొద్దీ కారణం కిందనే మిగిలిపోతుంది. సైన్యాన్ని నడిపేవాడికి పొలం తెలియదు. రోహిణి ఈనాటికీ నేపాలులో పుట్టి మన గోరఖ్‌పూర్ వైపు వచ్చే నది, రెండు దేశాలది.

అంబేద్కరు ఈ కథను మరో మలుపు తిప్పాడు. ఆయన మరణానంతరం 1957లో వెలువడిన బుద్ధుడు - ఆయన ధర్మం అన్న గ్రంథంలో సిద్ధార్థుడు ఇల్లు విడవడానికి రోగి, ముసలి, శవం కారణాలు కావు. రోహిణీ జలాల తగవే కారణం. శాక్యసంఘం యుద్ధతీర్మానం చేస్తుంటే సిద్ధార్థుడు లేచి ఒక ప్రతిపాదన పెడతాడు. మనవారిలో ఇద్దరు, కోలియుల్లో ఇద్దరు, ఆ నలుగురూ ఎన్నుకునే ఐదోవాడు, ఈ ఐదుగురూ తగవు తీర్చాలి. ఓట్లలో ప్రతిపాదన వీగిపోతుంది. సంఘం మాట కాదంటే కుటుంబానికి వెలి, భూముల జప్తు. అందుకని తానే దేశం వదిలిపోతాడు. ఇది వ్రాసినవాడు 1927లో మహద్ చెరువు నీళ్ళు ముట్టుకునే హక్కుకోసం పోరాడినవాడు, 1942 నుంచి వైస్రాయి కౌన్సిలులో ఉన్న కాలంలో దామోదర్, మహానది పథకాల చర్చలు నడిపినవాడు. చెరువుగట్టు, నదీలోయ రెండూ తెలిసిన మనిషి కాబట్టే మహాభినిష్క్రమణం అంతటి ఘట్టంలోకి ఐదుగురు సభ్యుల సంఘాన్ని పట్టుకొచ్చి పెట్టగలిగాడు. కావ్యగౌరవం లేని వస్తువది. హార్మోనియం మీద పాడడానికి లొంగదు. కాని అక్కడ పక్కవాడు మొదటిసారి మనిషిగా సభలోకి వస్తాడు. ఎదుటిపక్షానికీ ఇద్దరు ప్రతినిధులు, సమానంగా.

దేశాల మధ్య నిలబడిన ఒప్పందాలు చూస్తే అవీ ఇంత చప్పగానే ఉంటాయి. 1960 సెప్టెంబరు 19న కరాచీలో నెహ్రూ, అయూబ్‌ఖాన్ సంతకాలు చేసిన సింధు ఒప్పందం తూర్పు నదులు మూడు మనకూ, పడమటి నదులు మూడు పాకిస్తానుకూ అని విడదీసి, ఇరువైపులా ఒక్కొక్క కమిషనరును పెట్టి, ఏడాదికి ఒకసారైనా కలవమంది. 1965, 1971, 1999 యుద్ధాల్లోనూ అది తెగలేదు. 2025 ఏప్రిల్‌లో పహల్గాం హత్యాకాండ తరువాత భారత ప్రభుత్వం దాన్ని నిలిపివేసింది. బంగ్లాదేశ్‌తో 1996 డిసెంబరులో 30 ఏళ్ళకు కుదిరిన గంగ ఒప్పందం జనవరి నుంచి మే వరకు పదేసి రోజుల లెక్కన ఫరక్కా నీటిని పంచుతుంది. ప్రవాహం 70 వేల క్యూసెక్కులు గాని అంతకు తక్కువ గాని ఉంటే చెరిసగం. అందులో నన్ను ఆకట్టుకున్నది ఒక చిన్న ఏర్పాటు. ఫరక్కా దగ్గరా, బంగ్లాదేశ్‌లోని హార్డింజ్ వంతెన దగ్గరా రెండు దేశాల ఇంజనీర్లు కలిసి రోజూ నీటిని కొలవాలి. అపనమ్మకం ఉండనీయండి, కొలత మాత్రం ఒకటే. ఇద్దరు ఉద్యోగులు, ఒక కొలబద్ద, ఎండాకాలం పొద్దున. మన కథకుడెవరైనా ఆ ఇద్దరినీ చూశాడా? కృష్ణమీద టెలిమెట్రీ యంత్రాలు ఎక్కడ పెట్టాలన్న దానిమీదే రెండు రాష్ట్రాలూ ఏళ్ళపాటు పేచీ పడ్డాయని పత్రికలు చదివేవారికి తెలుసు. కొలతమీద కుదరని చోట పంపకం మీద ఏం కుదురుతుంది?

చెన్నైకి మంచినీటి కోసం మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్ర తలా 5 టీఎంసీలు వదులుకోవడానికి 1976లో ఒప్పుకోవడం, 1983లో రామారావు, రామచంద్రన్ ఒప్పందం కుదుర్చుకోవడం, 1996లో ఆ నీళ్ళు పూండి చేరడం కూడా మన చరిత్రే. నాలుగు రాష్ట్రాలు కలిసి ఒక ఊరి దాహం గురించి ఆలోచించిన సందర్భం. తెలుగుగంగ పేరు మాత్రం మనకు మిగిలింది.

ఈ వ్యాసం చిత్తుప్రతి చదివిన ఒక మిత్రుడు గట్టిగా అభ్యంతరం చెప్పాడు. 'నువ్వు సంధివాదం చెబుతున్నావు. అన్యాయం జరిగినచోట ఆవేశం వద్దంటే అది ఎవరికి లాభం?' అన్నాడు. ఇది తోసిపుచ్చవలసిన మాట కాదు. సాగర్ ఎదుట నల్లగొండ జిల్లా పల్లెల్లో ఫ్లోరైడు నీళ్ళు తాగి ఎముకలు వంగిపోయిన తరాలున్నాయి. నది వాళ్ళ కళ్ళముందే కిందికి పారింది. వారి పాటలో కోపం లేకపోతే అది పాటే కాదు. ఇటు చూస్తే, ఆనకట్ట నీడలోనే ఉన్న వెల్దుర్తి, బొల్లాపల్లి మెట్టలు వరికపూడిశెల ఎత్తిపోతల కోసం దశాబ్దాలు ఎదురుచూశాయి. 2023 నవంబరులో, కంచె పడడానికి రెండు వారాల ముందు, దానికి మరో శంకుస్థాపన జరిగింది. వీరిదీ కోపమే. నా అభ్యంతరం ఆ కోపాన్ని నది దాటించే పద్ధతి గురించి. నల్లగొండ ఎముకకూ వెల్దుర్తి మెట్టకూ కారణమైన పాలకవర్గాల ప్రాధాన్యాలు పాటలోంచి జారిపోయి, 'ఆంధ్రోడు', 'తెలంగాణోడు' మిగులుతున్నారు. పుట్టుకలు ఎత్తి తిట్టుకున్న రోహిణి గట్టుకే మనం తిరిగి వచ్చాం.

ఇంకొక సంగతి కూడా ఉంది. గట్టుకు అవతలివాడు మన నీళ్ళు ఆపాడని గొంతెత్తేవారు గట్టుకు ఇవతల నీళ్ళు ఎలా పంచుకుంటున్నారు? 1985లో కారంచేడు మారణకాండకు దారితీసిన గొడవ మాదిగల తాగునీటి చెరువు దగ్గర మొదలయింది. ఆ తరువాత వచ్చిన దళిత సాహిత్యానికి నీళ్ళు పంచుకోవడమంటే ఏమిటో తెలుసు. నదీజలాల కవిత్వం దాని దగ్గర పాఠం చెప్పించుకోలేదు. బ్రహ్మనాయుడి చాపకూడును మనం గర్వంగా చెప్పుకుంటాం. కారంపూడి తిరునాళ్ళలో అది జరిగేది మందపోరునాడు, అంటే రాయబారం చెడిన మర్నాడు. ఆ వరుస తారుమారై ఉంటే ఎలా ఉండేదోనని ఎప్పుడూ అనిపిస్తుంది. ముందు కలిసి తిని, తరువాత రాయబారానికి వెళ్ళి ఉంటే.

కాలువల మీద లస్కరు అని ఒక ఉద్యోగి ఉంటాడు. తూము షట్టరు ఎంత ఎత్తాలో, ఏ రాత్రి ఎవరొచ్చి దించేస్తారో, మేజరు కాలువ మొదట్లో ఉన్న పెద్దరైతు వరిమడి నిండితేగాని చివరి భూముల మిరపచేనుకు తడి ఎందుకు రాదో అతనికి తెలుసు. వంతులు తప్పినప్పుడు రెండు ఊళ్ళవాళ్ళనూ గట్టుమీద కూర్చోబెట్టి అతను మాట్లాడే మాటలు నేను విన్నాను. అందులో ఒక్కటీ పద్యానికి పనికిరాదు. ఎవరినీ ఓడించడు, ఎవరి పరువూ తీయడు. రేపు తెల్లవారుజామున నాలుగింటికి దించుతా, అప్పటిదాకా ఓపికపట్టండంటాడు. నాలుగింటికి దించుతాడు కూడా. పల్నాడు కథకులు ఫ్యాక్షనిస్టుకు ఇచ్చిన చోటులో పదోవంతు ఇతనికి ఇచ్చి ఉంటే మన నదీ సాహిత్యం వేరుగా ఉండేది.

ఇదంతా చెప్పి నన్ను నేను తప్పించుకోలేను. 2023 డిసెంబరులో తొమ్మిదో తరగతి పిల్లలకు 'మన కృష్ణానది' అని వ్యాసం రాయమన్నాను. ఒక పిల్లవాడు కృష్ణవేణి నీలవేణి అని ప్రాసలు గుప్పించి, చివర మా నీళ్ళు మాకు కావాలని ముగించాడు. పదికి తొమ్మిది వేశాను. ఒకమ్మాయి, వాళ్ళమ్మది మిర్యాలగూడ దగ్గర పల్లె, ఫోనులో వాళ్ళ అమ్మమ్మ 'మీకు నీళ్ళొదిలినారంట గదా బిడ్డా, నారు పోసినారా?' అని అడిగిందనీ, అమ్మ 'మాకు సరే, మరి మీకమ్మా?' అన్నదనీ, తరువాత ఇద్దరూ కాసేపు ఏమీ మాట్లాడలేదనీ రాసింది. నది వర్ణన లేదు. విషయం నుంచి తప్పుకున్నావని ఎర్రసిరాతో రాసి ఐదు వేశాను.

ఈ వ్యాసం రాయడం మొదలుపెట్టాక ఆ నోటుపుస్తకం కోసం కబురు చేశాను. ఆ అమ్మాయి పదో తరగతి అయిపోయి మిర్యాలగూడలో అమ్మమ్మ దగ్గర ఉండి ఇంటర్మీడియట్ చదువుతున్నదనీ, పాత పుస్తకాలు తూకానికి వేసేశామనీ వాళ్ళ నాన్న చెప్పాడు.